ఇరవై గ్రాముల గీత

పోయిన ఆషాఢంలో పాలకొల్లులో ఉండే ఒక మాస్టారికి నేతిబీర గింజలు పంపాను. వారం తిరక్కుండానే ఆయన ఫోను చేశారు. "గింజలు బాగున్నాయమ్మా, ఒక్క తాలు గింజ లేదు" అన్నారు. ఎప్పుడు పెట్టాలో, పందిరి ఎంత ఎత్తు ఉండాలో మాట్లాడుకున్నాం. చివర్లో ఆయన ఏదో చెప్పబోయి ఆగినట్టు అనిపించింది. గుచ్చి అడిగితే అప్పుడు చెప్పారు. కవరు బేరంగు అయిందట. పోస్ట్‌మ్యాన్ 10 రూపాయలు అడిగితే కట్టి తీసుకున్నారట. "చెప్పకూడదనే అనుకున్నాను, నువ్వేమీ అనుకోకు" అన్నారు.

10 రూపాయలు పెద్ద మొత్తం కాదు. కానీ ప్రేమగా పంపిన గింజలకు, అందుకున్న మనిషి చేతే డబ్బు కట్టించాను. గుమ్మంలో పోస్ట్‌మ్యాన్ నిలబడి ఉంటే ఆ వయసులో ఆయన లోపలికి వెళ్ళి చిల్లర వెతుక్కొని ఉంటారు. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మామూలు ఉత్తరానికి 20 గ్రాముల దాకా 5 రూపాయల తపాలా బిళ్ళ చాలు. ఆ గీత దాటితే ఇంకో 5. తక్కువ బిళ్ళలతో డబ్బాలో వేస్తే, ఎంత తక్కువైందో దానికి రెట్టింపు అవతలివారి దగ్గర వసూలు చేస్తారు. ఇవన్నీ నాకు తెలుసు. అందుకే ఆ కవరును వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టి తూచాను కూడా. 19 అని చూపింది. మరి పోస్టాఫీసులో 20 ఎలా దాటింది? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఇంట్లో ఉత్తరాలు తూచుకునే చిన్న కాటా ఎలా ఉండాలి అన్నదాని మీద నాకంటూ ఒక అభిప్రాయం ఏర్పడింది. దాన్నే ఇక్కడ రాస్తున్నాను.

అంచు ఎత్తినప్పుడు

ఆ రోజు పంపిన కవరు లాంటిదే ఇంకొకటి తయారుచేశాను. అవే పొట్లాలు, అదే సైజు కవరు, ఎలా పెంచాలో రాసిన రెండు కాగితాలు. మా కాటా అందరిళ్ళలో ఉండేదే. తెల్లటి ప్లాస్టిక్ పలక, దాని వెనుక భాగంలో గుండ్రటి పళ్ళెం, ముందు భాగంలో అంకెలు కనిపించే చిన్న గాజు కిటికీ. పిండి గిన్నె పెట్టినప్పుడు ఏ ఇబ్బందీ లేదు. పదంగుళాల కవరు పెడితే మాత్రం అది పళ్ళేన్ని దాటి కిటికీ మీదికి వస్తుంది. అంకె కనిపించదు.

అప్పుడు ఎవరైనా ఏమి చేస్తారు? వేలితో కవరు అంచును కొంచెం ఎత్తి కింద ఏముందో చూస్తారు. నేను చేసింది అదే. వేలు తగలగానే కవరు బరువులో కొంత నా వేలి మీదికి వచ్చింది. అంకె 23 దగ్గర ఉండాల్సింది 20కి, 19కి దిగింది. నేను చూసేసరికి 19. వేలు తీస్తే మళ్ళీ 23, కానీ అప్పుడు కనిపించదు. వరుసగా ఐదారు సార్లు చేసి చూశాను. ఎత్తిన ప్రతిసారీ ఒక్కో అంకె వచ్చింది, అన్నీ అసలు బరువు కంటే తక్కువే.

ఇక్కడ కాటా లోపలి యంత్రం ఏ తప్పూ చేయలేదు. అందులో ఒక చిన్న లోహపు కడ్డీ ఉంటుంది. బరువు పడితే అది కంటికి కనిపించనంత వంగుతుంది. దానికి అంటించిన సన్నటి రేకు సాగి విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పే అంకెగా బయటికి వస్తుంది. ఇలా అంటించి సాగుదలను కొలిచే స్ట్రెయిన్ గేజ్‌ను 1938లో అమెరికాలో సిమన్స్, రూజ్ అనే ఇద్దరు విడివిడిగా కనిపెట్టారు. అంత సున్నితమైన పరికరం ఇప్పుడు మూడు, నాలుగు వందల రూపాయలకు మన వంటింట్లోకి వచ్చింది. నా వేలు మోసిన బరువును కూడా అది నిజాయితీగా తీసివేసి చూపించింది. తప్పు చేయించింది బయటి రూపం. చూడాల్సిన చోటు, పెట్టాల్సిన చోటు రెండూ ఒకే పలక మీద, ఒకే ఎత్తులో ఉండటమే అసలు లోపం.

మా తమ్ముడు ఒప్పుకోలేదు. "కాటా వంటకోసం చేసినది. నువ్వు ఉత్తరం పెట్టి దానిదే తప్పంటే ఎలా?" అన్నాడు. వాడి మాటలో న్యాయం ఉంది. కానీ ఆ కాటా అట్టపెట్టె మీద పండ్ల బొమ్మ పక్కనే ఉత్తరం బొమ్మ కూడా ఉంది. ఉత్తరాలకు పనికొస్తుందని చెప్పి అమ్ముతున్నప్పుడు, ఉత్తరం పెడితే ఏమవుతుందో ఒక్కసారైనా పెట్టి చూడాలి కదా. గట్టు లేని నూతిలో పడితే చూసుకోనిది పడినవాళ్ళే అనవచ్చు. గట్టు కట్టవలసిన పని అయితే మిగిలే ఉంటుంది.

పెదనాన్న అరుగు మీది త్రాసు

మా పెదనాన్న ఊళ్ళో బ్రాంచి పోస్టుమాస్టరుగా పనిచేశారు. ఊరు అంబాజీపేట పక్కనే, కాలువ గట్టు మీద. పోస్టాఫీసు అంటే ఆయన ఇంటి అరుగే. ఒక చెక్కపెట్టె, ముద్రలు, సిరా దిండు, ఒక త్రాసు. ఆ త్రాసును నేను ఎన్నోసార్లు దగ్గర కూర్చుని చూశాను. వేలాడే తక్కెడ కాదు. దండె కింద ఉండి, రెండు పళ్ళేలు దాని పైన నిలబడి ఉండే రకం. రోబెర్వాల్ అనే ఫ్రెంచి గణిత శాస్త్రజ్ఞుడు 1669లో చూపించిన అమరిక అది. కింద రెండో కమ్మీ ఉండటం వల్ల పళ్ళేలు ఎప్పుడూ సమతలంగానే లేచి దిగుతాయి. వస్తువును పళ్ళెం మధ్యలో పెట్టినా, అంచున పెట్టినా తూకం మారదు. కవరు పళ్ళెం దాటి బయటికి వచ్చినా పరవాలేదు, దాని కింద చదవాల్సింది ఏమీ లేదు.

పెదనాన్న ఒక పళ్ళెంలో ఇత్తడి రాయి పెట్టేవారు. రెండో పళ్ళెంలో ఉత్తరం పెట్టి చేయి తీసేసేవారు. చేయి తీయడం నాకు బాగా గుర్తు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ముల్లు నిలబడేదాకా చూసేవారు. మేము మాట్లాడినా ఆగమని సైగ చేసేవారు. ముల్లు అటూ ఇటూ ఊగి, చివరికి ఒక పక్కకు మొగ్గేది. రాయి వైపు మొగ్గితే ఒక బిళ్ళ, ఉత్తరం వైపు మొగ్గితే ఇంకోటి. ఉత్తరం ఎన్ని గ్రాములో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. కువైట్‌లో ఉన్న కూతురికి రాసిన ఉత్తరం తెచ్చిన ఒకామె, ముల్లు ఉత్తరం వైపు మొగ్గడం చూసి కవరులో నుంచి ఒక కాగితం తీసేసి, దాన్ని మడిచి కొంగున కట్టుకోవడం నేను చూశాను. ఆమెకు చదువు రాదు, ఆ ఉత్తరం ఎవరిచేతనో రాయించుకున్నదే. ఆ త్రాసు చెప్పిన మాట మాత్రం ఆమెకు పూర్తిగా అర్థమైంది.

నా వాదన అంతా ఇక్కడి నుంచే వస్తుంది. ఉత్తరం తూచేవారికి బరువు తెలియాల్సిన అవసరం లేదు. గీత దాటిందా, లేదా అన్నదే తెలియాలి. పిండి తూచడం వేరు, బంగారం తూచడం వేరు, ఉత్తరం తూచడం వేరు. బ్రిటన్‌లో 1840లో దూరంతో సంబంధం లేకుండా అర ఔన్సుకు ఒక పెన్నీ అని పెట్టినప్పటి నుంచే ఇళ్ళలోకి ఉత్తరాల కాటాలు వచ్చాయి. మన దేశంలో 1854లో పావు తులానికి అర్ధణా అన్నారు. పావు తులం అంటే ఇప్పటి లెక్కలో 3 గ్రాములకు కొంచెం తక్కువ. ఈనాటి 80 జీఎస్ఎం ఎ4 కాగితం ఒక్కటే 5 గ్రాములు తూగుతుంది. అంత సన్నని హద్దులో ఉత్తరాలు రాసుకున్న రోజుల నుంచి ఈ పని స్వరూపం మారలేదు. ఒక హద్దు ఉంటుంది, దానికి ఇవతలా అవతలా అని తేల్చుకోవాలి.

గీతల మధ్య దూరం

బిళ్ళలు సేకరించే ఒక స్నేహితురాలి ఇంట్లో, కాకినాడలో, యూరప్‌లో తయారైన పాత ఉత్తరాల కాటా ఒకటి చూశాను. దాన్ని చేత్తో పట్టుకుని చాలాసేపు ఆడించాను. అందులో స్ప్రింగు లేదు, రాళ్ళు లేవు, బ్యాటరీ అసలే లేదు. పావు వలయం ఆకారంలో ఒక రేకు, దాని మీద గీతలు, ఒక పక్క గుండు ఉన్న లోలకం. పైన చిన్న పలక మీద ఉత్తరం పెడితే గుండు పక్కకు లేచి, ఎక్కడ నిలకడ దొరికితే అక్కడ ఆగుతుంది. చదవాల్సిన గీతలు పలకకు కింద, పక్కగా ఉన్నాయి. ఎంత పెద్ద కవరు పెట్టినా వాటిని కప్పలేదు.

అందులో నాకు బాగా నచ్చింది గీతల మధ్య దూరం. మొదట్లో, అంటే తేలిక బరువుల దగ్గర, గీతలు దూరదూరంగా ఉన్నాయి. బరువు పెరిగేకొద్దీ దగ్గరవుతూ పోయాయి. లోలకం లక్షణమే అది, గుండు పైకి లేచేకొద్దీ ప్రతి గ్రాముకూ కదిలే దూరం తగ్గుతుంది. ఉత్తరాలకు అది సరిగ్గా సరిపోయింది. 18కీ 22కీ తేడా తేల్చాల్సిన చోట కంటికి బోలెడంత జాగా ఉంది. 200 దాటాక 4 గ్రాముల తేడా పెద్దగా పట్టదు, అక్కడ గీతలు ఇరుకైనా నష్టం లేదు. మన వంటింటి కాటాకు ఈ వివేకం లేదు. 5 కిలోలైనా, 20 గ్రాములైనా ఒక గ్రాము లెక్కనే చూపుతుంది. 5 కిలోల్లో ఒక గ్రాము అటూ ఇటూ అయితే ఎవరికీ తెలియదు. 20లో ఒక గ్రాము అంటే ఇరవయ్యో వంతు. ఇక ముల్లుతో తిరిగే పాతరకం స్ప్రింగు కాటాల సంగతి చెప్పనక్కరలేదు, వాటిలో మొదటి చిన్న గీతే 20 గ్రాముల దగ్గర ఉంటుంది.

ఇంకో సంగతి సున్నా. లోలకం కాటాలో ఉత్తరం పెట్టకముందే ముల్లు సున్నా మీద ఉందో లేదో కనిపిస్తుంది. బల్ల వాలుగా ఉంటే ముల్లు పక్కకు ఉంటుంది. ఏదో తేడా ఉందని అదే చెబుతుంది. డిజిటల్ కాటా అలా చెప్పదు. మా అమ్మ ఒకసారి కవరు దాని మీద ఉండగానే ఆన్ చేసింది. కాటా 0 చూపింది. ఆన్ చేసినప్పుడు మీద ఏది ఉంటే దాన్నే సున్నాగా తీసుకోవడం దాని పద్ధతి. అమ్మ "ఇది పాడైపోయింది" అని పక్కన పెట్టేసింది. పాడవలేదు. తనకు ఏమి జరిగిందో చెప్పే దారి దానికి లేదు, అంతే.

దాని మీటల మీద ఉన్న మాటలూ అమ్మకు పనికిరావు. గిన్నె బరువు మినహాయించే పనికి మన దుకాణాల్లో ధడా కట్టడం అనే చక్కని మాట ఎప్పటి నుంచో ఉంది. అమ్మ నూనె డబ్బాకు ధడా కట్టించుకుని నూనె పోయించుకున్న మనిషి. ఆ పని చేసే మీట తన వేలి కిందే ఉందని ఆమెకు తెలియదు. దాని పక్కనే గ్రాములను ఔన్సులుగా మార్చే మీట, అదే ఆకారం, అదే రంగు. ఒకరోజు 0.8 అని చూపిస్తుంటే ఒక గ్రాము కూడా లేదనుకుని ఒకే బిళ్ళ అంటించబోయింది.

పంకా, వాన, కొత్త రేట్లు

ఇంతవరకూ రాసి, నా వాదనను నేనే ఎదురు తిరిగి చూసుకున్నాను. లోలకం కాటాకూ ఇబ్బందులు ఉన్నాయి. దానికి బల్ల సమతలంగా ఉండాలి. పంకా తిరుగుతుంటే ముల్లు నిలవదు. మా వైపు వేసవిలో పంకా ఆపి తూచడం అంటే చెమటలు కక్కుకుంటూ తూచడమే. కానీ పంకా కింద డిజిటల్ కాటా కూడా సరిగా చూపదు. వెడల్పాటి కవరును గాలి కిందికి నొక్కుతుంది. ముల్లు ఊగితే గాలి ఉందని తెలుస్తుంది. అంకె 20, 21, 20 అని మారుతుంటే కాటాయే బాగాలేదేమో అనిపిస్తుంది.

రెండోది బరువైన అభ్యంతరం. ఉత్తరాల కాటా మీద హద్దులు అచ్చువేస్తే, రేట్లు మారినప్పుడు ఆ కాటా చెత్తబుట్టకే. స్పీడ్ పోస్టునే చూడండి. 50, 200, 500 గ్రాములు అని ఉన్న మెట్లు 2025 అక్టోబరులో 50, 250, 500 అయ్యాయి. 200 దగ్గర ఎర్రగీత ఉన్న కాటా కొన్నవారు ఏమి చేయాలి? అంతకుముందు తులాలు పోయి గ్రాములు వచ్చినప్పుడు పాత రాళ్ళన్నీ ఇనుముగా మారిపోయాయి. ఏ హద్దు మారినా అంకె చూపే కాటాకు నష్టం లేదు. ఈ మాట దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. చివరికి నాకు తోచిన జవాబు ఒకటే. హద్దు గుర్తు కాటాతో పుట్టకూడదు, వాడేవారు పెట్టుకునేలా ఉండాలి. గీతల రేకు అంచున జరుపుకునే చిన్న రంగు రేకు ఒకటి చాలు. డిజిటల్ అయితే మన చేత్తో నొక్కి నిలిపి ఉంచే హద్దు, అది దాటితే వెలిగే దీపం. దానికి పెద్ద ఖర్చు అవుతుందని నేను అనుకోను.

"కౌంటరు దగ్గర ఎలాగూ తూస్తారు కదా, ఇంట్లో ఎందుకు?" అని అడిగేవారికి చెప్పాల్సింది తక్కువ. మా బ్రాంచి ఆఫీసు తెరిచేది కొద్ది గంటలే. ఎర్రడబ్బా ఎప్పుడూ ఉంటుంది. "అన్నిటికీ రెండు బిళ్ళలు అంటించేయి" అన్నవారి మాటకు మాత్రం విలువ ఉంది. ఏడాదికి నాలుగు ఉత్తరాలు పంపేవారికి 300 రూపాయల కాటా కంటే 20 రూపాయల బిళ్ళలే చవక. వారు కాటా కొనకపోవడమే మంచిది. నేను ఒక్క తొలకరి కాలంలోనే అరవై కవర్ల దాకా పంపుతాను. డబ్బు సంగతి అలా ఉంచితే, హద్దు తెలిస్తే ఇంకా ఎన్ని గింజలు పెట్టవచ్చో తెలుస్తుంది. 17 దగ్గర ఉంటే గుప్పెడు బెండ గింజలు ఇంకో పొట్లంలో కట్టి పెడతాను.

వాన సంగతి ఇక్కడివాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. భాద్రపదంలో మా ఇంట్లో అప్పడాల డబ్బా మూత తీసి మరచిపోతే గంటలో మెత్తబడతాయి. కాగితమూ అంతే, గింజలూ అంతే. మధ్యాహ్నం 19 తూగిన కవరు, కిటికీ పక్కన రాత్రంతా ఉండి తెల్లారేసరికి 20 తూగింది. జిగురు తడి ఆరకముందు తూచినా తేడా వస్తుంది. డబ్బాలోకి, సంచిలోకి, తడి గాలిలోకి వెళ్ళి ఇంకో ఊళ్ళో తూకానికి వచ్చే వస్తువు అది. అందుకే ఇప్పుడు నా గీత 20 దగ్గర లేదు, 18 దగ్గర ఉంది. ఒక గ్రాములో పదో వంతు కూడా చూపే చిన్న నగల కాటా కొనమని ఒకరు సలహా ఇచ్చారు. అరచేతిలో పట్టే ఆ పళ్ళెం మీద కవరు నిలవనే నిలవదు. నిలిచినా, తెల్లారేసరికి మారే బరువును పదో వంతు దాకా చదివి ఏమి చేయాలి?

ఇప్పుడు మా బల్ల మీద

కొత్త కాటా ఏదీ కొనలేదు. వంటింటి కాటా మీదే ఒక స్టీలు గిన్నెను బోర్లించి, దానికి ధడా కట్టి, కవరును గిన్నె మీద పెడుతున్నాను. కవరు ఎత్తులో ఉంటుంది, అంకె కింద తేటగా కనిపిస్తుంది. వేలు పెట్టే పనే లేదు. ధడా మీట మీద తెలుగులో "ధ" అని రాసి కాగితం అంటించాను. ఔన్సుల మీటను పూర్తిగా మూసేసి టేపు వేశాను.

అమ్మకు మాత్రం అంకె మీద నమ్మకం కుదరలేదు. ఆమె కోసం ఒక అడుగు కర్రస్కేలుకు సరిగ్గా మధ్యలో దారం కట్టి, రెండు చివరలా కొబ్బరి చిప్పలు వేలాడదీశాను. తూకపు రాళ్ళు నాణేలే. 2011లో రూపాయి గుర్తుతో వచ్చిన పసుపు రంగు 5 రూపాయల నాణెం 6 గ్రాములు, 10 రూపాయల నాణెం 7.71 గ్రాములు. రెండు అయిదులు, ఒక పది కలిపితే 19.71. కవరు వాటికంటే తేలికైతే ఒక బిళ్ళ. నాణెం మీది సంవత్సరం చూసుకోవాలి, 2019 తరువాత వచ్చిన 5 రూపాయలది 6.74 గ్రాములు. అమ్మ ఆ మూడు నాణేలనూ పసుపు గుడ్డలో కట్టి పెట్టుకుంది, కూరగాయల వాడికి చిల్లర లేకపోయినా వాటిని విప్పదు. ఆ తక్కెడకు పాసంగం, అంటే ఒక పక్కకు మొగ్గు, ఉందేమోనని ముందు ఖాళీ చిప్పలతో చూస్తుంది. తరువాత చిప్పలు మార్చి ఇంకోసారి తూస్తుంది. ఆ అలవాటు ఆమెకు ఎవరూ నేర్పలేదు, తక్కెడను చూడగానే చేతికి వచ్చేసింది.

కార్తీకంలో మాస్టారి దగ్గర నుంచి కవరు వచ్చింది. లోపల దోస గింజలు, కాయలు కోసేముందు తీగ ఎలా ఉండాలో నాలుగు వాక్యాలు. కవరు తెరవకముందే అమ్మ దాన్ని తక్కెడలో వేసింది. నాణేల చిప్ప దిగిపోయింది. నేను గిన్నె మీద పెట్టి చూశాను, 14. కవరు మీద మాత్రం 5 రూపాయల బిళ్ళలు రెండు పక్కపక్కనే, అంచులు కలిసేలా ఎంతో శ్రద్ధగా అంటించి ఉన్నాయి.